జనులు పొగడక ముందు: ఆటగాళ్ల ఇళ్లలో పుత్రోత్సాహం

2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ మైదానంలో నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు సెంచరీ పూర్తి చేసిన క్షణాన టీవీ కెమెరా గ్యాలరీ వైపు తిరిగింది. అక్కడ అతని తండ్రి ముత్యాల రెడ్డి కన్నీళ్లు ఆపుకోలేక నిలబడి ఉన్నారు. ఎనిమిదో స్థానంలో బ్యాటింగుకు దిగిన ఇరవై ఒక్క ఏళ్ల విశాఖ కుర్రవాడు చేసిన 114 పరుగులు రికార్డు పుస్తకాల్లోకి వెళ్లాయి. తెలుగువారి ఫోన్లలో మాత్రం ఎక్కడ చూసినా తండ్రి ముఖమే కనిపించింది. ఆ దృశ్యానికి పేరు పెట్టడానికి కొత్త మాట వెతుక్కోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. పుత్రోత్సాహం అన్న మాట తయారుగా ఉంది, దానికి ఒక నిర్వచనం కూడా ఉంది: బడిలో బట్టీ పట్టిన శతక పద్యం ప్రకారం ఆ ఉత్సాహం కొడుకు పుట్టిననాడు కలిగేది కాదు, జనులు అతన్ని చూసి పొగడిననాడు కలిగేది.

ఆ పద్యంలో బరువంతా ఉన్నది తండ్రి మీదా కాదు, కొడుకు మీదా కాదు, జనుల మీద. సంతానం గురించి గర్వపడే హక్కు తల్లిదండ్రులకు బయటినుంచి దఖలు పడుతుందని, ఇంట్లో ఎంత మురిసిపోయినా ఊరు ఒప్పుకునేదాకా అది లెక్కలోకి రాదని పద్యం అంటున్నది. లోకం తీరు చెప్పడంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. కాని పిల్లల ఆటల దగ్గరికి వచ్చేసరికి ఈ నిర్వచనం తలకిందులుగా పనిచేస్తుంది: జనులు పొగడే రోజు కోసం ఎదురుచూసే గర్వం పిల్లవాడిని తొందరపెడుతుంది, జనులతో పని లేకుండా మొదలైన గర్వమే చాలాసార్లు ఆ రోజుదాకా పిల్లవాడిని నడిపిస్తుంది. తెలుగు నేల మీద పేరు తెచ్చుకున్న క్రీడాకారుల ఇళ్లను ఒక్కొక్కటిగా చూస్తే ఈ తేడా స్పష్టంగానే కనిపిస్తుంది.

తెలుగు ఇళ్లలో జనుల పాత్రను చాలాకాలంగా ర్యాంకులు పోషిస్తున్నాయి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), ఐఐటీ ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీల నిండా పిల్లల ఫొటోలు అచ్చవుతాయి, వాటిని చూసి బంధువులు ఫోన్లు చేస్తారు, ఆ ఫోన్లతో తల్లిదండ్రులకు పుత్రోత్సాహం సంపూర్ణమవుతుంది. అయితే పిల్లవాడు పరీక్ష రాస్తున్నప్పుడు ఎవరూ చూడరు. ఆటలో అలా కాదు. గెలుపూ ఓటమీ తల్లిదండ్రుల కళ్లముందే, తోటి తల్లిదండ్రుల కళ్లముందే జరుగుతాయి, ఓడిన పిల్ల తల్లి కూడా రెండు కుర్చీల అవతలే కూర్చుని ఉంటుంది. పైగా ఆటల్లో పొగడ్త చాలా చిన్న వయసులోనే మొదలవుతుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలుంటాయి. మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లుంటాయి. మెట్టు మెట్టుకూ ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటో, ఒక వాట్సాప్ స్టేటస్ ఉంటాయి. స్పోర్ట్స్ కోటా ఉన్నందువల్ల ఆ సర్టిఫికెట్లకు కాలేజీ సీటు విలువ కూడా తోడవుతుంది. పద్యంలోని తండ్రి కొడుకు పెద్దవాడయ్యేదాకా ఆగాడు. ఇప్పటి తండ్రికి పన్నెండో ఏటనే అభినందనలు అందుతున్నాయి.

ఆ పన్నెండో ఏటి అభినందన ఎంతవరకు నమ్మదగినది అన్నదే అసలు ప్రశ్న. నితీశ్‌నే తీసుకుంటే, జనులు పొగడవలసిన సందర్భం మెల్‌బోర్న్‌కు ఏడేళ్ల ముందే వచ్చింది. 2017-18 సీజన్‌లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో అతను 1,237 పరుగులు చేశాడు, 26 వికెట్లు తీశాడు. నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441 పరుగులు చేశాడు. ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ అండర్-16 ఆటగాడిగా బీసీసీఐ పురస్కారం అందుకున్నాడు. అంత చేసినా 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో అతను లేడు. ఆ జట్టు వైస్ కెప్టెన్ గుంటూరు కుర్రవాడు షేక్ రషీద్. ఆస్ట్రేలియాతో సెమీఫైనల్లో 94, ఇంగ్లండ్‌తో ఫైనల్లో 50 పరుగులు చేసి ఆ నెలంతా తెలుగు పత్రికల్లో పేరు మార్మోగించుకున్నవాడు. మూడేళ్లు తిరగకుండానే టెస్టు టోపీ నితీశ్‌కు దక్కింది. రషీద్ ఐపీఎల్‌లో తొలి మ్యాచ్ ఆడింది 2025 ఏప్రిల్‌లో, ఇరవయ్యో ఏట. వీరిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అని తేల్చడానికి ఇంకా చాలా క్రికెట్ మిగిలి ఉంది. అయితే 2022 ఫిబ్రవరిలో గుంటూరులో రషీద్ ఇంటికి వచ్చినన్ని ఫోన్లు విశాఖ గాజువాకలోని నితీశ్ ఇంటికి రాలేదన్న మాట మాత్రం ఊహించడం కష్టం కాదు, ఆ ఫోన్ల లెక్కను బట్టి ఇద్దరి భవిష్యత్తునూ ఎవరూ చెప్పగలిగేవారు కాదన్నదీ అంతే నిజం.

ఇది ఇద్దరు కుర్రవాళ్లకే పరిమితమైన విషయం కాదు. జర్మనీకి చెందిన ఆర్నె గ్యులిష్ వంటి క్రీడాశాస్త్ర పరిశోధకులు అనేక ఆటల లెక్కలు సేకరించి చూసినప్పుడు, జూనియర్ స్థాయిలో అంతర్జాతీయంగా రాణించినవారిలో అధికులు సీనియర్ స్థాయిలో ఆ ఎత్తుకు చేరలేదని, సీనియర్లలో మేటి ఆటగాళ్లయినవారిలో అధికులు జూనియర్లుగా అంత పేరున్నవారు కాదని తేలింది. అందుకు ఒక కారణం మరీ మామూలుది. 1980ల్లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ అక్కడి ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు పరిశీలించి, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారి సంఖ్య అసాధారణంగా ఎక్కువగా ఉందని గమనించారు. వయసు విభాగానికి జనవరి 1 హద్దుగా ఉన్నందువల్ల జనవరిలో పుట్టిన పదేళ్లవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ ఏడాది తేడా ఎత్తులో, బలంలో కనిపిస్తుంది, కోచ్ కళ్లకు అదే ప్రతిభగా తోస్తుంది, ఎంపికైనవాడికి మంచి శిక్షణ అందుతుంది, చివరికి ఆ శిక్షణే నిజమైన తేడా అయి కూర్చుంటుంది. తండ్రి గర్వపడుతున్నది కొడుకు ఆట చూసి కావచ్చు, పుట్టిన నెల చూసి కూడా కావచ్చు.

తెలుగు నాట ఈ లెక్కకు మరో చిక్కు ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ వేసి ముందుకు పంపడం ఒక తరం క్రితంవరకు మామూలు సంగతి. జూన్, జూలై నెలల్లో పుట్టినరోజున్న పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉండడానికి కారణం అదే. నాడు ఉద్యోగంలో ఒకటి రెండేళ్లు కలిసివస్తాయని చేసిన పనినే నేడు కొందరు వయసు విభాగాల్లో నెగ్గడానికి చేస్తున్నారు. పదిహేడేళ్లవాడిని అండర్-16లో ఆడిస్తే పరుగులు వస్తాయి, సర్టిఫికెట్ వస్తుంది, పొగిడే జనులూ వస్తారు. ఈ బెడద ముదిరే బీసీసీఐ అండర్-16 కుర్రవాళ్ల మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కకట్టే పరీక్షను తప్పనిసరి చేసింది. 2015 డిసెంబరులో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఈ వయసు దొంగతనాన్ని విషంతో సమానంగా చూశారు; తల్లిదండ్రులు, కోచ్ కలిసి దొంగ పత్రం పుట్టించడం కళ్లారా చూసిన పిల్లవాడు ఏం నేర్చుకుంటాడన్నది ఆయన ప్రశ్న. జనుల పొగడ్తే గర్వానికి ఆధారమైన చోట, ఆ పొగడ్తను నకిలీ చేయాలన్న ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

జనుల మాటకు ఇంకో ముఖం కూతుళ్ల విషయంలో బయటపడుతుంది. పుత్రోత్సాహం నిఘంటువులో ఉంది గాని, కూతురి విషయంలో అలాంటి మాట తెలుగువారి నోట సహజంగా రాదు. భాష చేసిన ఈ మరుపును మైదానాలు సరిదిద్దాయి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మొదలుకొని సైనా నెహ్వాల్, పి.వి. సింధు, కోనేరు హంపి, మిథాలీ రాజ్, నిఖత్ జరీన్, జ్యోతి యర్రాజి దాకా, తెలుగు రాష్ట్రాల క్రీడల గురించి మాట్లాడేటప్పుడు మొదట నోటికి వచ్చే పేర్లలో ఎక్కువ కూతుళ్లవే. వీరిలో కొందరి ఇళ్లకు జనులు మొదట వచ్చింది పొగడడానికి కాదు. నిజామాబాద్‌లో నిఖత్ బాక్సింగ్ మొదలుపెట్టిన రోజుల్లో ఆడపిల్ల నిక్కరు వేసుకుని కొట్లాడే ఆట ఏమిటన్నవారే ఎక్కువ. ముఖం వాచి ఇంటికి వస్తే పెళ్లెలా అవుతుందని తల్లి బెంగపడిన వైనం నిఖత్ స్వయంగా చెప్పింది. తండ్రి జమీల్ అహ్మద్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆమె 2011లో అంటాల్యాలో యూత్ ప్రపంచ విజేత అయింది. సీనియర్ ప్రపంచ విజేత అయింది 2022లో, ఇస్తాంబుల్‌లో. మధ్యలో పదకొండేళ్లు, ఒక భుజం గాయం. యూత్ పతకం చూసి మెచ్చుకున్నవారు ఆ పదకొండేళ్లూ మెచ్చుకుంటూ ఉండి ఉంటారనుకోవడం అమాయకత్వమే.

వరంగల్ జిల్లా కల్లెడలో జీవంజి దీప్తి తల్లిదండ్రులది ఇంకా కఠినమైన కథ. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్లను చూసి ఊళ్లో ఎగతాళి చేసినవారున్నారని, ఎక్కడైనా వదిలేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారని ఆ దంపతులు విలేకరులకు చెప్పారు. ఇబ్బందుల్లో వారు అమ్ముకున్న పొలాన్ని ఆసియా పారా క్రీడల స్వర్ణం తర్వాత వచ్చిన డబ్బుతో కూతురే మళ్లీ కొనిచ్చింది. 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యమున్నవారి) విభాగంలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం వచ్చాక జనులు సహజంగానే పొగిడారు. ఎగతాళి చేసిన నోళ్లూ పొగిడిన నోళ్లూ ఒకే ఊరివి. ఆ తల్లిదండ్రులు తమ గర్వాన్ని జనుల చేతికి అప్పగించి ఉంటే ఆ పిల్ల పరుగు బడి మైదానం దాటేది కాదు.

ఇంతవరకూ చెప్పుకున్న కథలన్నిటినీ పత్రికలు ఒకే మూసలో పోస్తాయి: ఉద్యోగం వదిలిన తండ్రి, పొలం అమ్మిన తండ్రి, ఊరు మారిన కుటుంబం. వాటిలో అబద్ధం లేదు. విశాఖ హిందూస్థాన్ జింక్‌లో పనిచేస్తున్న ముత్యాల రెడ్డి ఉదయ్‌పూర్ బదిలీ వచ్చినప్పుడు కొడుకు ఆట కోసం ఉద్యోగమే మానుకున్నారు. భద్రాచలంలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా ఉన్న గొంగడి రామిరెడ్డి కూతురు త్రిష క్రికెట్ కోసం అక్కడి జీవితాన్నంతా వదులుకుని సికింద్రాబాద్ చేరారు. ఆ త్రిష 2023లో, 2025లో అండర్-19 టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్లలో ఉంది. రెండోసారి 309 పరుగులతో, ఆ టోర్నీ చరిత్రలో తొలి సెంచరీతో ‘ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్’ అయి, ఆ పురస్కారాన్ని తండ్రికే అంకితమిచ్చింది. ఇటువంటి కథ చదివిన ప్రతి పాఠకుడి మనసూ నిండుతుంది. అయితే ఉద్యోగం వదిలి, పొలం అమ్మి, చివరికి జిల్లా జట్టు దగ్గరే ఆగిపోయిన పిల్లల తండ్రుల గురించి ఏ పత్రికా రాయదు. వారే ఎక్కువమంది. త్యాగం వల్ల విజయం వచ్చిందన్న నిర్ణయానికి పాఠకుడు రావడం, ఆ రెండో రకం తండ్రులు ఎక్కడా అచ్చులో కనబడనందువల్లనే.

త్యాగం పిల్లవాడికి ఎలా అందుతుందన్నది ఇంకో సంగతి. చిన్నప్పుడు తాను ఆటను అంత పట్టించుకోలేదని, డబ్బు ఇబ్బందులతో తండ్రి ఏడవడం ఒకరోజు చూశాక మాత్రమే గంభీరంగా తీసుకున్నానని నితీశ్ బీసీసీఐ విడుదల చేసిన వీడియోలో చెప్పాడు. అతని విషయంలో ఆ కన్నీళ్లు కసిగా మారాయి. మరో పిల్లవాడి విషయంలో అవే అప్పుగా మారవచ్చు; క్రీజులోకి దిగిన ప్రతిసారీ ఇంటి బాకీ తీర్చాలన్న బరువుతో బ్యాటు ఎత్తేవాడికి, ఔటైతే పోయేది వికెట్ ఒక్కటే కాదు. ‘నీ కోసమే ఇదంతా’ అన్న మాట తెలుగు ఇళ్లలో ప్రేమతోనే అంటారు, కాని దాన్ని విన్న పదమూడేళ్ల చెవికి అందులో వడ్డీ కూడా వినిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ అంతటివాడు, డబ్బున్న కుటుంబమైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి పంపవద్దన్న అర్థం వచ్చేలా మాట్లాడినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి, సైనానూ సింధునూ తీర్చిదిద్దిన మనిషి ఆ మాట అన్నాడంటే, తెర మీదికి రాని రెండో రకం తండ్రులను ఆయన దగ్గరినుంచి చూసి ఉండడమే కారణం కావాలి.

త్యాగం అన్న పెద్ద మాటను పక్కన పెట్టి చూస్తే, ఈ ఇళ్లలో జరిగినదాంట్లో ఎక్కువ భాగం పని. అదీ విసుగు పుట్టించే పని. రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తగా ఉన్న హర్వీర్ సింగ్ ఎనిమిదేళ్ల సైనాను తెల్లవారకముందే స్కూటరు మీద ఎక్కించుకుని లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవారు. నిద్రమత్తులో పిల్ల ఎక్కడ పడిపోతుందోనని తల్లి ఉషారాణి వెనుక కూర్చుని పట్టుకునేది. సింధును మారేడుపల్లి వైపునుంచి గచ్చిబౌలిదాకా నగరం ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పడం పి.వి. రమణ దినచర్య, రియో ఒలింపిక్స్‌కు ముందు ఆయన రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టి కూతురి శిక్షణ వెంట ఉన్నారు. ఈ పనిని పొగడడానికి జనులెవరూ అయిదు గంటలకు లేవరు. రోజూ చేసినవాడికి మాత్రం ఒకటి తెలుస్తుంది: నిన్న తీయలేని షటిల్‌ను పిల్ల ఈరోజు తీసింది. ఆ చిన్న తేడా గమనించి మురిసిపోయే తల్లిదండ్రులకు టోర్నమెంట్ ఫలితం కోసం ఎదురుచూసే తొందర తగ్గుతుంది.

ఆట తెలిసిన తల్లిదండ్రులకు ఈ చూపు మరింత సులువుగా అబ్బుతుంది. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, 2000లో అర్జున అందుకున్నవారు; తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. అంత ఎత్తున్న పిల్లను వాలీబాల్‌కు లాగకుండా, 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలుపు చూసి ఆమె పట్టుకున్న రాకెట్‌నే పట్టుకోనివ్వడం చిన్న విషయం కాదు. అమలాపురంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాశీ విశ్వనాథ్ ఇంటినుంచి బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ వచ్చాడు. ఓటమి ఆటలో భాగమని ఇటువంటివారికి ఒకరు చెప్పనక్కరలేదు, వాళ్లూ ఓడినవాళ్లే. పద్యానికి నేరుగా ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది: చదరంగం ఆటగాడైన కోనేరు అశోక్ కూతురు పుట్టగానే చాంపియన్ అన్న మాటలోంచి హంపి అని పేరు పెట్టారు, తర్వాత అధ్యాపక ఉద్యోగం వదిలి తానే శిక్షకుడయ్యారు. జనులు ఏమీ అనకముందే, పుట్టిననాడే పుట్టిన ఉత్సాహం అది. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరయిన హంపి ఆ పేరును నిలబెట్టింది. చాంపియన్ అని పేరు పెట్టినంత మాత్రాన అందరు పిల్లలూ అలా అవుతారని మాత్రం ఎవరూ అనుకోవద్దు; తండ్రికి ఆట లోతు తెలిసి ఉండడం అక్కడ పేరుకంటే పెద్ద సంగతి.

ఆట తెలియని తల్లిదండ్రుల గర్వం తరచు భాషలోనే దొరికిపోతుంది. అమెరికాలో 1970ల్లో రాబర్ట్ చాల్దీని బృందం విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల గురించి మాట్లాడించి, తమ జట్టు గెలిస్తే ‘మనం గెలిచాం’ అని, ఓడితే ‘వాళ్లు ఓడారు’ అని చెప్పే ధోరణిని గుర్తించింది. తెలుగు ఇళ్లలో దీన్ని కనిపెట్టడానికి పరిశోధకులు రానక్కరలేదు. కప్పు తెచ్చిన రోజు ‘నా కొడుకు’, మొదటి రౌండ్‌లో వెనుదిరిగిన రోజు ‘నీ కొడుకు’. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, బండి వెనుక సీటులో కిట్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లవాడు ఆ రెండు మాటలకూ మధ్య తేడాను చాలా తొందరగా పట్టేస్తాడు. మైదానంనుంచి ఇంటికి వెళ్లే ఆ అరగంట దారిలోనే కొందరు పిల్లల ఆట ఆగిపోతుంది.

మెల్‌బోర్న్ దృశ్యంలో మరో తండ్రి కూడా ఉన్నారు, గ్యాలరీలో కాదు. హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకును క్రికెటర్ చేసిన మహ్మద్ గౌస్ 2020 నవంబరు 20న చనిపోయారు. అప్పటికి కొడుకు మహ్మద్ సిరాజ్ భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు, అంత్యక్రియలకు రాకుండా అక్కడే ఉండిపోయాడు, అదే ఏడాది డిసెంబరు 26న ఇదే మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు, జనవరిలో బ్రిస్బేన్‌లో అయిదు వికెట్లు తీశాడు. హైదరాబాద్ విమానాశ్రయంలో దిగి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత నితీశ్ 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది, చివరి ఆటగాడిగా వచ్చినవాడు సిరాజే. ముత్యాల రెడ్డి చూస్తుండగా కమిన్స్ వేసిన మూడు బంతులను అతను అడ్డుకున్నాడు. తర్వాతి ఓవరులో బోలాండ్ బంతిని నితీశ్ బౌండరీకి పంపాడు.